అర్థంకాని బడిలో పిల్లలు



మనలో చాలామందికి అమెరికాలో మనుమలున్నారు. వాళ్ళు బడికి వెళుతున్నారంటే మురిసిపోతాం. కానీ ఆ దేశపు భాష రాకుండా ఆ బడి గడప తొక్కిన పిల్లవాడి అవస్థ ఎప్పుడైనా ఆలోచించారా?

శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 1970 ప్రాంతాల్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు సుమారు 2,800 మంది బడుల్లో ఉండేవారు. వారిలో వెయ్యిమందికి మాత్రమే ఇంగ్లీషు ప్రత్యేకంగా నేర్పేవారు. మిగిలినవాళ్ళు ఒక్క ముక్క తెలియని పాఠాలకు చెవులప్పగించి కూర్చోవలసిందే. అందరితోపాటే చదువు చెబుతున్నాం కదా అని అధికారులు వాదించారు. పిల్లల తరఫువాళ్ళు కోర్టుకెక్కారు. కింది కోర్టుల్లో ఓడినా వదల్లేదు. ఒకే పుస్తకం, ఒకే పంతులు ఉన్నంతమాత్రాన సమానంగా చూసినట్లు కాదని 1974 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అంతటితో కష్టం తీరిందా? ఆటల్లో మాట్లాడే భాష పిల్లలు ఒకటి రెండేళ్ళలో పట్టేస్తారు. "వీడికి ఇంగ్లీషు వచ్చేసింది" అని టీచరూ అనుకుంటుంది, తల్లీ అనుకుంటుంది. సైన్సు పాఠం చదివి సొంతంగా జవాబు రాయాలంటే మాత్రం ఆ భాష చాలదు. అందులో తోటిపిల్లల సరసకు చేరడానికి అయిదు నుంచి ఏడేళ్ళు పడుతుందని కెనడాలో జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1981లోనే చెప్పారు. ఈ సంగతి తెలియక, మార్కులు తగ్గగానే పిల్లవాడికి మొద్దు అని పేరు పెడతారు. దాంతో వాడికి చదువంటేనే విరక్తి పుడుతుంది.

పైగా కొన్ని ఇళ్ళల్లో పెద్దలకంటే పిల్లవాడికే ముందు భాష వస్తుంది. బడినుంచి ఉత్తరం వచ్చినా, డాక్టరు మాట అమ్మకు చెప్పాలన్నా వాడే దుబాసీ. పదేళ్ళవాడి నెత్తిన ఎంత బరువో చూడండి!

మరి తల్లి ఏం చేయాలి? "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని సలహాలిచ్చేవాళ్ళుంటారు. ఆ మాట వినక్కర్లేదు. అరిసెను నాలుగు ముక్కలు చేసి, పావు భాగమంటే ఏమిటో అమ్మ తెలుగులో చెప్పిందనుకోండి. బడిలో వాడు దాని ఇంగ్లీషు పేరొక్కటే నేర్చుకుంటే సరిపోతుంది. తెలిసిన లెక్క భాష మారితే మరిచిపోడు కదా! కథలు చెప్పండి, కబుర్లు చెప్పండి, అన్నీ తెలుగులోనే.

ఈసారి అమ్మాయి ఫోను చేసినప్పుడు ఈ మాట చెవిన వేయండి. టీచరును కలిసినప్పుడు మార్కుల సంగతితో సరిపెట్టుకోకుండా, ఏ పాఠంలో భాష అందడం లేదో కూడా అడగమనండి. పిల్లవాడు మౌనంగా కూర్చుంటే తెలివిలేదని బెంగపడవద్దనండి. వాడికి కాస్త వ్యవధి కావాలి, అంతే.