పట్టా పుచ్చుకున్న రోజున వేసుకోవలసిన ప్రశ్న
(ఆలయ వార్షికోత్సవంలో పట్టభద్రుల సన్మాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ ఏడాది పట్టభద్రులైన చిరంజీవులందరికీ నా ఆశీస్సులు.

సన్మానం అందుకుంటున్నవారిలో డిజైన్ విద్య పూర్తిచేసినవారు ఉండడం నాకు ప్రత్యేకమైన సంతోషం. మన కుటుంబాలలో వైద్యం, ఇంజనీరింగు అంటే ఎవరూ వివరణ అడగరు. డిజైన్ అనగానే మాత్రం "బొమ్మలు గీయడమా?" అంటారు. ఆ మాటకు సమాధానం చెప్పుకుంటూ చదువు ముగించిన మీకు, ఈనాడు లోపలి నుంచే మరో ప్రశ్న ఎదురవుతుంది: ఇన్నేళ్లలో నేను నిజంగా ఎదిగానా? వైద్యురాలిగా నాకు తోచిన ఒక కొలమానాన్ని మీ ముందుంచుతాను.

వైద్యవిద్య మొదట్లో మేము రోగాన్ని చూస్తాం. రోగిని చూడడం చాలాకాలానికి గాని అలవడదు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన పెద్దావిడకు ఎంత మంచి మందు రాసినా, ఆ సీసా మూత ఆమె తెరవలేకపోతే మందు లేనట్టే. ఆ మూతను గురించి ఆలోచించవలసిన చదువు మీది.

జైపూర్ పాదం కథ మీలో కొందరు వినే ఉంటారు. అప్పట్లో దొరికే విదేశీ నమూనా కృత్రిమ పాదాలు బూటు తొడిగి నడిచేవారి కోసం చేసినవి. మన దేశంలో మనిషి నేలమీద బాసింపట్టు వేసుకొని భోంచేస్తాడు, గొంతుక్కూర్చుంటాడు, వట్టి కాళ్లతో పొలంలో నడుస్తాడు. 1960ల చివరలో జైపూరులోని సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో డాక్టర్ పి.కె. సేఠీ, హస్తకళాకారుడు రామచంద్ర శర్మ కలిసి, రబ్బరుతో ఈ పనులన్నిటికీ వంగే పాదాన్ని రూపొందించారు. డాక్టరుకు శరీరశాస్త్రం తెలుసు. పెద్దగా బడి చదువు లేని శర్మగారికి పదార్థం స్వభావం తెలుసు. ఇద్దరూ చూసింది మాత్రం ఆ పాదంతో ఇంటికి వెళ్లవలసిన మనిషిని. 1981లో సేఠీగారికి రామన్ మెగసెసే పురస్కారం లభించింది. శర్మగారి పేరు తెలిసినవారు ఈనాటికీ తక్కువే. కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్ ఆ పాదంతోనే మళ్లీ నాట్యం చేశారు. ఆమె జీవితం ఆధారంగా, ఆమే నాయికగా తీసిన తెలుగు చిత్రం 'మయూరి'ని 1985లో చూసిన పెద్దలు ఈ సభలో ఉన్నారు. మీ అమ్మానాన్నలను అడగండి.

ఇంకొక ఉదాహరణ ఈ గుడిలోనే ఉంది. అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు భారతదేశమంతా తిరిగి, 1958లో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో అన్నిటికంటె మిన్నగా మెచ్చుకున్న వస్తువు మన చెంబు. అహమ్మదాబాదులో 1961లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడడానికి ఆ నివేదికే ప్రాతిపదిక. ఈసారి అభిషేకంలో అర్చకస్వామి చేతిలోని చెంబును గమనించండి. మెడ దగ్గర వేళ్లకు పట్టు దొరుకుతుంది. వంచితే నీరు ఒలికిపోకుండా ధార కడుతుంది. దాన్ని రూపొందించినవారి పేరు ఎవరికీ తెలియదు. తరతరాలుగా వాడినవారి అవసరమే దాన్ని దిద్దింది.

కనుక మీ స్కెచ్ పుస్తకాలను మొదటినుంచి తిరగవేయండి. తొలి పుటలలో మీకు నచ్చిన గీతలుంటాయి. చివరి పుటలలో ఎవరినో అడిగి రాసుకున్న మాటలు, వారి ఇబ్బంది తెలిశాక కొట్టివేసి మళ్లీ గీసిన రూపాలు కనిపిస్తే, మీరు ఎదిగారు. మీ సృజన తగ్గలేదు, దానికి ఒక మనిషి దొరికాడు. ఉద్యోగం ఇంకా రాలేదని తలవంచుకున్నవారు మీలో ఉంటే, ఆ పుటలను మరొక్కసారి చూసుకోండి. ఏ జీతపు అంకె కూడా ఆ ఎదుగుదలను పెంచదు, తగ్గించదు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. "ఉద్యోగం ఎక్కడ?" అని అడిగే ముందు, "నువ్వు చేసిన వస్తువు ఎవరికోసం?" అని అడగండి. ఆ జవాబు తీరికగా కూర్చుని వినండి. మీ బిడ్డ ఇన్నేళ్లూ ఏం చదివారో మీకు అప్పుడు తెలుస్తుంది.

స్వామి అనుగ్రహం మీ అందరి చేతులకూ, చూపుకూ తోడుండుగాక. సెలవు.