డబ్బా కనబడితే ఏం చెయ్యాలి?

(ఉధ్నాలో జరిగిన వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. ఇంటర్ చదివి పందొమ్మిదో ఏట మద్రాస్ సాపర్స్‌లో చేరిన మనిషిని. మా నాయిన వరంగల్లు జిల్లా నుంచి మగ్గం పనికి ఈ ఉధ్నాకు వచ్చిండు. 28 ఏళ్లు సర్వీసు చేసి, సుబేదారుగా పెన్షన్ తీసుకొని నేనూ ఇక్కడికే చేరాను. కార్యదర్శి గారు "అమెరికా పోయొచ్చినవు గదా, నాలుగు మాటలు చెప్పు" అన్నారు. అక్కడి రోడ్లు, బిల్డింగులు మీరు టీవీలో చూసినవే. నేను ఒక ఇనుప డబ్బా గురించి చెబుతాను.

మా బిడ్డ, అల్లుడు టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటారు. ఒక ఆదివారం నాడు సీడర్ హిల్ స్టేట్ పార్కుకు తీసుకపోయిండ్రు. జో పూల్ లేక్ అని పెద్ద జలాశయం, దాని గట్టున అడవి. ఎనిమిదేళ్ల మనవడు ఫోను పట్టుకొని "తాతా, ఇంకా నలభై అడుగులే" అంటూ పరుగెత్తుతున్నాడు. ఒక చెట్టు మొదట్లో రాళ్ల సందున ఆకుపచ్చ డబ్బా కనబడింది. చూడగానే గుర్తుపట్టాను, అది తూటాలు వచ్చే డబ్బా! వాడి చెయ్యి మూత మీద పడేలోగా "ముట్టుకోకు!" అని అరిచాను. పరేడ్ గ్రౌండులో కూడా అంత గట్టిగా అరిచి ఉండను. దారిన పోయేవాళ్లు నిలబడి చూసిండ్రు. పిల్లగాడు ఏడుపు మొహం పెట్టాడు. మా బిడ్డ దగ్గరకొచ్చి "నాయినా, ఇది ఆట" అన్నది.

ఆ ఆట పేరు జియోక్యాషింగ్. జియో అంటే భూమి, క్యాష్ అంటే దాచిపెట్టిన సామాను. పైసలు అనుకునేరు, కాదు. ఒకరు డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్లు జి.పి.ఎస్. పట్టుకొని వెతుకుతారు. దొరికితే లోపలి పుస్తకంలో పేరు, తేదీ రాసి, డబ్బాను ఉన్నచోటనే పెట్టాలి. లోపలి బొమ్మ ఒకటి తీసుకుంటే దానికి సమానమైనది ఒకటి పెట్టాలి. తవ్వి పూడ్చకూడదు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్లు ఉండాలి. స్థలం యజమాని అనుమతి ఉండాలి, స్టేట్ పార్కు అయితే పార్కు ఆఫీసు అనుమతి. సైన్యం అమ్మేసిన తూటాల డబ్బాలు వానకు తడవవని అక్కడ చాలామంది వాటినే వాడతారు. నన్ను అరిపించింది అదే!

ఈ ఆట పుట్టుకకు కారణం కూడా ఫౌజీ సంగతే. జి.పి.ఎస్. అమెరికా సైన్యం ఏర్పాటు. సివిల్ వాళ్లకు వచ్చే సిగ్నల్‌ను కావాలనే చెడగొట్టి ఇచ్చేవారు, తేడా దాదాపు 100 మీటర్ల దాకా ఉండేది. ప్రెసిడెంట్ క్లింటన్ హయాంలో 2000 మే 1 అర్ధరాత్రి ఆ అడ్డు తీసేశారు. రెండు రోజులకే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన సిగ్నల్ ఎంత సరిగా ఉందో చూద్దామని ఒరెగాన్ రాష్ట్రం అడవిలో ఒక బకెట్టు దాచి, దాని చోటు ఇంటర్నెట్‌లో పెట్టాడు. మూడు రోజులలోపే ఒకాయన పట్టుకున్నాడు. ఈనాడు ప్రపంచంలో ఇలాంటి డబ్బాలు 30 లక్షలకు పైగా ఉన్నాయి.

మరి నేనెందుకు అరిచాను? ఇక్కడున్న సాపర్లకు చెప్పనక్కరలేదు, పిల్లల కోసం చెబుతాను. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత ఆపరేషన్ పరాక్రమ్ జరిగింది. సరిహద్దు పొలాల్లో మేము మైన్లు వేశాము. వేసిన ప్రతిదానికీ రికార్డు ఉంటుంది. ఏ ల్యాండ్‌మార్క్ నుంచి, ఎంత బేరింగు, ఎన్ని మీటర్లు, ఎన్ని మైన్లు, అన్నీ కాగితం మీద ఉంటాయి. ఆలోచిస్తే మేమూ దాచినం, చోటు రాసిపెట్టినం, తర్వాత వెతికినం. తేడా ఒక్కటే, మేము దాచింది ఎవరి కాలో తీసెయ్యడానికి. తీసేటప్పుడు ఇసుక జరిగి, వాన నీటికి మైన్లు కదిలి, రికార్డులో ఉన్నచోట కొన్ని లేకుండా పోయాయి. మా సెక్షన్ కుర్రాడు ఒకడు, నా పక్క లేన్‌లో, నా కళ్లముందే పాదం పోగొట్టుకున్నాడు. అప్పటి నుంచి నేల మీద డబ్బా కనబడితే నా ఒళ్లు నా మాట వినదు.

ఆ రోజు చెరువు గట్టున కూర్చొని మనవడికి ఇదంతా కొంచెం కొంచెంగా చెప్పాను. వాడు విని "మరి ఇది తెరవొచ్చా తాతా?" అని నా అనుమతి అడిగాడు. ఇద్దరం కలిసి తెరిచినం. వాడు చిన్న బొమ్మకారు తీసుకున్నాడు, నేను జేబులోని ఐదు రూపాయల బిళ్ల పెట్టాను. పుస్తకంలో నా పేరు తెలుగులో రాశాను.

అక్కడే నాకు ఒక ఆలోచన వచ్చింది. నేను ఎన్నో మ్యాప్ రీడింగ్ క్యాడర్లు నడిపాను. ఆరంకెల గ్రిడ్ రిఫరెన్సు 100 మీటర్ల గడిని చూపిస్తుందని, ఈస్టింగ్స్ ముందు చదవాలి, నార్తింగ్స్ తర్వాత అని గొంతు చించుకొని చెప్పాను. ఈ ఆటలో మాత్రం ఉత్తరం అంకె ముందు వస్తుంది, మొదట నేనే తడబడ్డాను. ఫోను మనల్ని ఐదు పది మీటర్ల దాకా తీసుకపోతుంది, చెట్ల కింద అదీ తప్పుతుంది. అక్కడి నుంచి పని కళ్లది, బుర్రది. మన ఉధ్నా, లింబాయత్ పిల్లలు మగ్గాల చప్పుడులో, ఇరుకు గదుల్లో పెరుగుతున్నారు. ఫోను అందరి చేతిలో ఉంది, ఉత్తరం ఎటో అడిగితే చెప్పలేరు. మనం నేర్చుకున్న విద్య మనతోనే పోవాలా?

అయితే అమెరికా ఆటను ఉన్నదున్నట్టు ఇక్కడ దించకూడదు. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ల తర్వాత మన సూరత్‌లో చెట్ల మీద, హోర్డింగుల వెనక రెండు డజన్లకు పైగా బాంబులు దొరికిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అదృష్టం, ఒక్కటీ పేలలేదు. అలాంటి ఊళ్లో మనమే పోయి రోడ్డు పక్కన డబ్బాలు దాస్తే మనకన్నా మూర్ఖులు ఉండరు.

అందుకని నా ప్రతిపాదన ఇది. జనవరి 26న జెండా వందనం అయ్యాక, మున్సిపల్ తెలుగు బడి ఆవరణలో, హెడ్‌మాస్టరు గారి రాతపూర్వక అనుమతితో, పోలీసు స్టేషన్‌కు ముందే తెలిపి ఈ ఆట పెడదాం. డబ్బాలు లోపల ఏముందో కనబడే ప్లాస్టిక్‌వే కావాలి. మీద తెలుగు, గుజరాతీ, హిందీలలో "ఆట డబ్బా" అని రాయాలి. పొద్దున పెట్టినవి రిజిస్టరులో ఎక్కించి సాయంత్రం లెక్కపెట్టి తియ్యాలి. ఇరవై పెడితే ఇరవై తిరిగి రావాలి, పందొమ్మిది వస్తే ఎవరూ ఇంటికి పోవద్దు. ఇది సాపర్ మాట. అంతా బాగా జరిగితే తర్వాత గోపీ తలావ్ గట్టున పెట్టడానికి మున్సిపాలిటీని అడుగుదాం.

ఆటకు ముందు పిల్లలకు పదిహేను నిమిషాల పాఠం నేను చెబుతాను. దిక్సూచి పట్టుకోవడం కాదు, అంతకన్నా ముందుది. మన ఆట గుర్తు లేని డబ్బా కనబడితే ముట్టుకోకు, తన్నకు, దూరం జరుగు, తోటివాళ్లను జరుపు, పెద్దవాళ్లకు చెప్పు, 100 కి గాని 112 కి గాని ఫోను చెయ్యి. ఏ డబ్బా తెరవాలో, ఏది తెరవకూడదో రెండూ తెలిసిన పిల్లవాడే రేపు పనికొస్తాడు.

నా దగ్గర ఒక ప్రిస్మాటిక్ కంపాస్ ఉంది. ఇంకో నాలుగు, ఐదుగురు ఉస్తాదులు కావాలి. మోకాళ్ల నొప్పులున్నా ఫరవాలేదు, కుర్చీలు వేయిస్తాం. సభ అయ్యాక కార్యదర్శి గారి దగ్గర పేర్లు ఇవ్వండి. 

జై హింద్.