పెంకుకూ పెంకుకూ మధ్య



1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పోయినవారి స్మృతిలో జరిగే ప్రసంగానికి ఇంటి కప్పు చాలా చిన్న విషయమని కొందరికి తోచవచ్చు. ఆ రోజు ప్రాణాలు తీసింది నీరు. సుమారు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ల మీద పడ్డప్పుడు ఏ కప్పూ ఎవరినీ కాపాడేది కాదు. ప్రభుత్వ లెక్కలోనే మృతులు పదివేలకు అటూ ఇటూ ఉన్నారు. ఉప్పెనకు జవాబు కరకట్టలు, తుపాను షెల్టర్లు, వేళకు అందే హెచ్చరిక. పెంకులు గట్టివైతే జనం బతికేవారని ఎవరైనా అంటే అది మృతుల పట్ల అపచారమే అవుతుంది.

అయితే ప్రతి తుపానులోనూ నీటి వెంట ఇంకో నష్టం వస్తుంది. అది సముద్రం చేరని ఊళ్లకూ వస్తుంది. గాలి కప్పును లేపేస్తుంది, వెనకే వచ్చే వాన ఇంట్లో ఉన్న ధాన్యాన్ని, బట్టలను, పిల్లల పుస్తకాలను, భూమి కాగితాలను తడిపేస్తుంది. బతికి బయటపడ్డ కుటుంబం మళ్లీ నిలదొక్కుకోవడానికి ఏళ్లు పట్టేది దీనివల్లే. ఈ ప్రసంగం ఆ రెండో నష్టం గురించి. మనిషి కప్పును గాలివానలకు తట్టుకునేలా ఎలా మలుచుకుంటూ వచ్చాడు, ఆ పనిలో ఎక్కడ గెలిచాడు, ఎక్కడ ఇంకా ఓడుతున్నాడు అన్నదే విషయం.

గూన పెంకుతో మొదలుపెట్టాలి. కుమ్మరి సారె మీద మట్టిని గొట్టంలా లేపి, ఒక కొస కాస్త సన్నంగా తీసి, ఆరకముందే నిలువునా చీల్చితే రెండు పెంకులు. ఒక వరస వెల్లకిలా పరిచి, రెండు వరసల అంచుల మీద ఇంకో వరస బోర్లా కప్పుతారు. పై వరస మీద పడ్డ నీరు కింది వరసలోకి దిగి చూరు దాకా పారుతుంది. మేకు లేదు, తీగ లేదు. పెంకును అక్కడ ఉంచేది దాని బరువు, వాలు మాత్రమే. అందుకే కోతి నడిచినా, పిల్లి పరుగెత్తినా పెంకు జరిగేది, ఇల్లు కురిసేది. మృగశిర రాకముందే పెంకు తిరగ నేయించడం ఊరూరా ఏటేటా ఉండే ఖర్చు.

ఈ జరగడాన్ని ఆపాలన్న ఆలోచన ఫ్రాన్స్‌లోని ఆల్సేస్ ప్రాంతంలో ఒక కొలిక్కి వచ్చింది. ఆల్ట్‌కిర్ష్ పట్టణంలో పెంకులు చేసే గిలార్డోనీ సోదరులు 1841లో ఒకదాన్నొకటి పట్టుకునే పెంకుకు పేటెంటు తీసుకున్నారు. అక్కడికి చేరువలోనే స్విట్జర్లాండ్‌లోని బాసెల్. ఆ ఊరి పేరుతో నడిచిన బాసెల్ మిషన్ 1834 నుంచే మంగళూరులో ఉంది. దాని ప్రింటింగ్ ప్రెస్సు నడపడానికి వచ్చిన గియోర్గ్ ప్లెబ్స్ట్ అనే జర్మన్, సెలవుపై ఐరోపా వెళ్లినప్పుడు మట్టిపనిలో శాస్త్రీయమైన శిక్షణ తీసుకుని తిరిగి వచ్చాడు. నేత్రావతి ఒడ్డున జెప్పులో 1865లో ఆయన పెట్టిన పెంకుల ఫ్యాక్టరీయే మంగళూరు పెంకుకు పుట్టిల్లు. మొదట మట్టి పిసకడానికి ఎడ్లు, నొక్కడానికి చేతి ప్రెస్సు ఉండేవి. 1868 నాటికే అల్బుకర్క్ వంటి స్థానికుల ఫ్యాక్టరీలు కూడా లేచాయి. పాత పెంకుల వెనక అచ్చుగా కనిపించే ‘1865’ ఆ పెంకు వయసు కాదు, కంపెనీ పుట్టిన ఏడాది. పాత ఇళ్లు కొనేవాళ్లు ఇక్కడే పొరబడుతుంటారు.

ఒక మంగళూరు పెంకును చేతిలోకి తీసుకుని నిదానంగా చూడాలి. పొడవు సుమారు 41 సెంటీమీటర్లు, వెడల్పు 23కు కాస్త ఎక్కువ, బరువు రెండున్నర కిలోల ప్రాంతం. ఒక పక్క అంచున గాడి, రెండో పక్క ఆ గాడిలో కూర్చునే గట్టు. తల దగ్గర అడ్డంగా ఇంకో గట్టు ఉంటుంది, పై వరస పెంకు కింది కొస దాని మీద మూతలా దిగుతుంది. వెనక వైపు రెండు ముక్కులుంటాయి, అవి రీపరును పట్టుకుంటాయి. వాన జల్లు ఏటవాలుగా కొట్టినా నీరు ముందు గాడి దాటాలి, తర్వాత గట్టు ఎక్కాలి. ఆ లోపే వాలు దాన్ని కిందికి లాగేస్తుంది. నీటి దారిని ఇంత పొందికగా మట్టిలో గీసిన వస్తువులు అరుదు. పెంకు మందం పెంచి సాధించింది కాదు ఇది, పెంకుకూ పెంకుకూ మధ్య సందును మలిచి సాధించింది. చదరపు మీటరుకు 15 పెంకులు సరిపోవడంతో వాసాల మీద భారమూ తగ్గింది.

ఆ పెంకు రైళ్లూ ఓడలూ ఎక్కి దేశమంతా తిరిగింది. కృష్ణా, గోదావరి జిల్లాల్లో పెంకుటిల్లు కట్టడం ఒక హోదా అయింది. రాయలసీమ, తెలంగాణల్లో చాలాచోట్ల అదే ‘బెంగుళూరు పెంకు’ అయింది. పూరింటికి నిప్పు భయం, గూన పెంకుకు ఏటేటా తిరగ నేసే బాధ, ఈ రెండూ తప్పాయి.

తూర్పు తీరానికి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది, దాన్ని చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మంగళూరులో ఏడాదికి మూడున్నర వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఆ పెంకు రూపం ఆ వానకు జవాబుగా కుదురుకుంది. గాలి మాటకొస్తే భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం మంగళూరుకు నిర్ణయించిన మూల వేగం సెకనుకు 39 మీటర్లు. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు అది 50. పైకి చూస్తే తేడా పదకొండే. గాలి ఒత్తిడి మాత్రం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 39 దగ్గర చదరపు మీటరుకు సుమారు 90 కిలోల ఒత్తిడి ఉంటే 50 దగ్గర అది 150 కిలోలకు చేరుతుంది. మంగళూరు పెంకుల బరువు అదే చదరపు మీటరుకు 40 కిలోల లోపే.

మరి ప్రతి గాలికీ పెంకులన్నీ ఎందుకు ఎగిరిపోవు? ఇళ్లు నేసే మేస్త్రీలకు అనుభవంతో తెలిసిన కారణమే ఇంజనీర్లూ తర్వాత లెక్కకట్టారు. గాలి ఇంటిని దాటేటప్పుడు నడికొప్పు దగ్గర, చూరు అంచున, మూలల్లో కప్పును పైకి పీలుస్తుంది. పెంకుల మధ్య సన్నని సందులు ఉండడం వల్ల అడుగున ఉన్న గాలి పైకి తప్పుకుని, పైనా కిందా ఒత్తిడి చాలా వరకు సమం అవుతుంది. పెంకు నిలబడేది ఆ సమం వల్లే. తలుపో కిటికీయో పగిలి గాలి ఇంట్లోకి దూరిందా, లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, సందులు చాలవు. అప్పుడు మూల పెంకు మొదట లేస్తుంది. అది లేచిన చోట పక్క పెంకు గట్టు బయటపడుతుంది. ఇక వరస వరసంతా పోతుంది.

ఈ సంగతిని ప్రయోగశాలలో లోతుగా తవ్వింది అమెరికావాళ్లు, అదీ మట్టి పెంకు మీద కాదు, తారు షింగిల్ మీద. ఆ షింగిల్ కథ వేరు. మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో హెన్రీ రేనాల్డ్స్ అనే కాంట్రాక్టరు, రాతి పొడి అద్దిన తారు చుట్టలను 1903లో పలకలుగా కోసి కప్పులకు కొట్టడం మొదలుపెట్టాడు. ఊళ్లకు ఊళ్లు కాల్చేసిన చెక్క షింగిళ్లకు బదులు ఇవి వేయమని అగ్ని బీమా సంఘాలు ప్రచారం చేయడంతో ఆ దేశపు ఇళ్ల మీద ఇవే నిండాయి. తారు నీటిని ఆపుతుంది, పైన అద్దిన రాతి గింజలు ఎండ నుంచి తారును కాపాడతాయి. గింజలు రాలిన చోట తారు ఎండి పెళుసుబారుతుంది. 1970ల చివరి నుంచి లోపలి అట్ట స్థానంలో గాజునార వచ్చింది.

షింగిల్ తేలిక. బరువుతో గాలిని ఆపలేదు. అందుకని 1950లలో దాని మీద జిగురు పట్టీ పెట్టారు. కప్పు మీద వేశాక ఎండకు ఆ పట్టీ మెత్తబడి, పై పలక అంచు కింది పలకకు అతుక్కుంటుంది.

ఈ ఏర్పాటు మీద నమ్మకాన్ని 1992 ఆగస్టు 24న ఆండ్రూ హరికేన్ కూలదోసింది. దక్షిణ మయామీలో పేటలకు పేటలు కప్పులు కోల్పోయాయి. మేకుల బదులు స్టేపుల్ పిన్నులు కొట్టిన ఇళ్లు, మేకు కొట్టాల్సిన గీత తప్పిన ఇళ్లు ఎక్కువ దెబ్బతిన్నాయి. నియమాలు కఠినమయ్యాయి. షింగిల్‌కు నాలుగు మేకుల చోట ఆరు వచ్చాయి, గాలివానలో పరీక్షించి ఆమోదించిన సరుకే వాడాలన్నారు.

కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో జాక్ సెర్మాక్, జాన్ పీటర్కాల బృందం అప్పటికే ఈ ప్రశ్న వెంట పడింది. వాళ్లు తేల్చింది ఇంతకు ముందు చెప్పుకున్న పెంకు సంగతికి దగ్గరి చుట్టం. షింగిల్‌ను లేపేది మొత్తం కప్పు మీది పీలుడు కాదు, అది పలక పైనా కిందా సమం అయిపోతుంది. లేపేది పలక అంచు మెట్టును గాలి తాకినప్పుడు అక్కడికక్కడ పుట్టే బలం. కాబట్టి తేల్చుకోవలసింది రెండే: అంచు మీద ఎంత బలం పడుతుంది, జిగురు ఎంత బలానికి ఊడుతుంది. ఈ లెక్క మీదే ఏఎస్‌టీఎం డీ7158 అనే అమెరికా ప్రమాణం నిలిచింది. అందులో పై తరగతి ‘హెచ్’, గంటకు 150 మైళ్లు, అంటే సుమారు 240 కిలోమీటర్ల గాలికి.

ఆ పరీక్షలకు వచ్చేది కొత్త షింగిల్. గాలి వచ్చేది పదేళ్ల కప్పు మీదికి. యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా పరిశోధకులు ఆ తేడాను పట్టుకున్నారు. నిచ్చెనలు వేసుకుని ఇళ్ల పైకెక్కి, ఒక్కో పలక అంచునూ చేత్తో మెల్లగా ఎత్తి చూశారు. కింద నుంచి నిక్షేపంగా కనిపించిన కప్పుల్లో జిగురు వరసలుగా ఊడి ఉంది, అదీ అడ్డదిడ్డంగా కాక, పలకల కొసలు కలిసే చోట్ల ఒక క్రమంలో. ఎండకు సాగి, రాత్రికి ముడుచుకుని, ఏళ్ల తరబడి లాగులాడి అతుకు వదిలేసింది. పలకకు ఏమీ కాలేదు. కప్పుల శాస్త్రంలో ఇంత నిరాడంబరమైన, ఇంత విలువైన పరిశీలన ఇంకొకటి దొరకడం కష్టం.

సౌత్ కరోలినాలోని రిచ్‌బర్గ్‌లో బీమా కంపెనీల పరిశోధన సంస్థ ఐబీహెచ్ఎస్ 2010లో 105 ఫ్యాన్లు ఒకే గోడగా పేర్చిన ప్రయోగశాల కట్టింది. అందులో నిజమైన ఇంటినే నిలబెట్టి గాలి కొడతారు. వడగళ్ల పరీక్ష ఇంకా ఆసక్తికరం. పాత పద్ధతి యూఎల్ 2218లో పై తరగతి క్లాస్ 4 రావాలంటే రెండంగుళాల ఉక్కు గుండును 20 అడుగుల ఎత్తు నుంచి ఒకేచోట రెండుసార్లు వేసినా షింగిల్ పగలకూడదు. ఉక్కు చితకదు, వడగల్లు చితుకుతుంది. దెబ్బ తీరే వేరు. అందుకని రిచ్‌బర్గ్‌లో నీటిలో సోడా కలిపి, అసలు వడగళ్ల గట్టిదనం వచ్చేలా మంచు గుండ్లు పోసి, వాటిని తుపాకీతో కొట్టినట్టు కప్పు మీదికి వదులుతారు. 2019 నుంచి ఆ ఫలితాలు ప్రకటిస్తున్నారు. ఒకే క్లాస్ 4 ముద్ర ఉన్న సరుకులోనే మంచీ చెడూ తేలాయి. రబ్బరు గుణమున్న పాలిమర్ కలిపిన తారు షింగిళ్లు దెబ్బకు వంగి లేస్తాయి కాబట్టి వాటి మీద ఆశ ఎక్కువ.

ఇది తెలుగువారికి దూరపు ముచ్చట కాదు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. వసంతకాలపు వడగళ్లు అక్కడ ఏటా ఉండే బెంగ. టెక్సస్‌లో 1998 నుంచి ఇలాంటి గట్టి కప్పు వేయించిన ఇంటికి బీమా ప్రీమియం తగ్గింపు ఉంది. దివిసీమ నుంచో కోనసీమ నుంచో వెళ్లి అక్కడ ఇల్లు కొన్నవారు క్లాస్ 4 గురించి విచారించి మరీ వేయించుకుంటారు. వాళ్ల అమ్మానాన్నలున్న పెంకుటింటి గురించి అలాంటి విచారణకు ఇక్కడ తావే ఏర్పడలేదు.

నియమాలు లేక కాదు. తుపాను ప్రాంతపు చిన్న ఇళ్ల కోసం ఐ.ఎస్. 15498 అని 2004లోనే మార్గదర్శకాలు వచ్చాయి. రెండు వాలుల కప్పు కన్నా నాలుగు వాలుల కప్పు మేలు. చూరు మరీ బయటికి పొడుచుకు రాకూడదు. వాసాన్ని గోడకు, గోడను పునాదికి ఇనుప పట్టీతో కట్టాలి. పెంకులను ఊరికే పరిచి వదలక కాంక్రీటు పట్టీలతో అదిమి పెట్టాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. మూలల్లో, చూరు వెంట, నడికొప్పు పక్కన ఉన్న రెండు వరసల పెంకులను తీగతో రీపరుకు కట్టుకోవడం ఒక్క పూట పని. పెంకు ఖరీదుతో పోలిస్తే తీగ ఖర్చు లెక్కలోకి రాదు. అయినా 2014 అక్టోబరు 12న గంటకు సుమారు 185 కిలోమీటర్ల గాలితో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు విమానాశ్రయం కప్పు కూడా దెబ్బతింది. పేదవాడి రేకుల కప్పుకు జరిగిందే పెద్ద భవనానికీ జరిగింది: అతుకు దగ్గర మొదలై, అంచు వెంట చీలిపోయింది.

ఇక్కడ లేనిది ఫ్లోరిడావాళ్లు చేసిన పని. తీరం వెంబడి ఇరవై, ముప్పై ఏళ్లు దాటిన పెంకుల కప్పుల మీద గాడులు ఎంత అరిగాయో, రీపర్లు ఎంత చెదలు పట్టాయో, కట్టిన తీగల్లో ఉప్పుగాలికి ఎన్ని తెగాయో చూసి రాసిపెట్టిన లెక్క కావాలి. ఆంధ్రా యూనివర్సిటీలోనూ కాకినాడ జేఎన్‌టీయూలోనూ సివిల్ విద్యార్థులున్నారు. పెంకు నేసే మేస్త్రీలు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. చెన్నై తారామణిలోని నిర్మాణ ఇంజనీరింగ్ పరిశోధన కేంద్రం ఎస్ఈఆర్‌సీలో గాలి సొరంగం ఉంది. మేస్త్రీ పైకెక్కి పెంకు ఎత్తి చూపిస్తే విద్యార్థి కొలత రాసుకోవాలి, అదే పాత పెంకూ అదే పాత రీపరూ చెన్నైకి వెళ్లాలి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు ముసిరే ముందు, ఏప్రిల్, మే నెలల ఎండల్లోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. దివిసీమలోని నాగాయలంక, కోడూరు మండలాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్న పెంకుటిళ్లతోనే శ్రీకారం చుట్టవచ్చు.