చూచిన తరువాతే గీత

చెన్నపట్నంలో స్థిరపడిన తెలుగువారికి బొమ్మల కళను కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. 1933లో నరసాపురంలో జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణ మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1955లో పట్టా పుచ్చుకొని, నల్లకోటు తొడగక కుంచె పట్టారు. ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రకారులుగా చేరారు. ఆయనే బాపు. 2014లో ఈ నగరంలోనే కన్నుమూశారు.

ఆనంద వికటన్ పత్రికలో తమిళుల ఇంటి వాకిళ్లను, కచేరీలను, పెళ్లిపందిళ్లను గీసిన గోపులును బాపు గురుతుల్యులుగా గౌరవించారు. ఒకరు తమిళుల ముఖాలు గీశారు. మరొకరు తెలుగువారి ముఖాలు గీశారు. పొరుగువారి గీతను శ్రద్ధగా చూచి నేర్చుకొన్నందువలన బాపు గీతలోని తెలుగుదనానికి లోటు కలుగలేదు.

ఈ కళకు మెట్లున్నాయి. మొదటిది స్కెచ్. బస్టాండులోనో, రేషను దుకాణం వరుసలోనో నిలుచున్నవారు కదలక ఉండరు. రెండు నిమిషాలలో ఆ మనిషి బరువు ఏ కాలిపై ఉన్నదో, సంచి మోసే భుజం ఎంత వంగినదో పట్టుకోవాలి. రెండవది రూపచిత్రం. కూర్చొనడానికి అంగీకరించిన వ్యక్తి కన్నులకు, ముక్కుకు, పెదవులకు నడుమనున్న దూరాలను కొలిచి గీయాలి. ఆ పిమ్మటే క్యారికేచర్. పదిమందిలో ఆ ఒక్కరినే గుర్తింపజేసే లక్షణమేదో ఎరిగి, దానిని పెంచి, తక్కినవాటిని తగ్గించాలి. పోలిక తెలియని చేయి ఎంత పెంచినా అది ఎవరి బొమ్మా కాదు.

మూసబొమ్మకు ఈ శ్రమ ఏదీ అక్కరలేదు. ఇటు 'అరవవాడు' అన్న ఎకసెక్కం, అటు 'గొల్టి' అన్న ఈసడింపు ఒక్క ముఖాన్నయినా చూడకుండానే పుట్టినవి. బడిలో ఇటువంటి పిలుపు విన్న పిల్లవాడు ఇంట తన భాష మాట్లాడడానికే జంకుతాడు. అదే పిల్లవాడు మరునాడు తనకన్న బలహీనుడైన ఇంకొకరిపై మరొక పేరు విసురుతాడు. క్యారికేచర్ ఒక వ్యక్తిని గుర్తిస్తుంది. మూసబొమ్మ వ్యక్తినే చెరిపివేస్తుంది.

వ్యంగ్యం ఎవరిపై గురిపెట్టవలెనన్న ప్రశ్నకు మన దేశంలోనే చక్కని ఉదాహరణ ఉన్నది. 1948లో శంకర్స్ వీక్లీని ఆవిష్కరించినవారు ప్రధాని నెహ్రూ. ఆ పత్రిక తరచు గీతల్లో నిలదీసినదీ ఆయననే. అధికారం ఉన్నవారు ఆ నవ్వును భరించగలరు, భరించాలి కూడా. కుంటివాని నడక, పేదవాని చిరుగు, వలస వచ్చినవారి యాస వ్యంగ్యానికి సరుకు కారాదు.

కనుక తల్లిదండ్రులు పిల్లల చేతికి ఒక చిన్న నోటుపుస్తకం, ఒక పెన్సిలు ఇవ్వవచ్చు. ఎదురింటి తమిళ పాటిని, మేడమీది మలయాళీ మాస్టారును, మూలనున్న ఇస్త్రీబండివానిని వారి అనుమతితో గీయమనవచ్చు. గీసిన బొమ్మను ముందుగా వారికే చూపించాలన్నది ఒక్కటే నియమం. వారు నవ్వి 'ఇది నేనే' అంటే గీత కుదిరినట్లే.

ఆ పుస్తకంలో ఏదో ఒకనాడు వీధి మురుగుకాలువ, దానికి లేని మూత, ఆ పక్కనే తీరిగ్గా నిలుచున్న అధికారి కూడా కనిపించవచ్చు. నగర పాలకులు ఆ బొమ్మకు నొచ్చుకొనక, మూత వేయించడమే సరైన సమాధానం.