ఎక్కడ రాసి ఉందో చూపించండి

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి తరగతి అయ్యాక ఒక తమ్ముడు నన్ను ఆపి అడిగాడు. "అన్నా, ఇంగ్లండుకి రాజ్యాంగమే లేదంట గదా! అది లేకుండానే వాళ్ల రాజ్యం నడుస్తుంటే, మనం ఈ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకుని తిరగడం దేనికి?" అని. అడగాల్సిన ప్రశ్నే. ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు ఒక పొరపాటు సరిచేసుకుందాం. బ్రిటన్‌కి రాజ్యాంగం ఉంది. ఒక్క పుస్తకంగా కుట్టి లేదు, అంతే. న్యూజిలాండ్, ఇజ్రాయెల్‌ల సంగతీ ఇంతే. మన రాజ్యాంగాన్ని 1949 నవంబరు 26న రాజ్యాంగ సభ ఆమోదించింది. వాళ్లది వందల ఏళ్లుగా అక్కడింత, ఇక్కడింత పోగుపడింది. ఎక్కడెక్కడ ఉందో వేళ్ల మీద లెక్కపెడదాం.

మొదటిది చట్టాలు. 1215లో జమీందార్లు రాజు మెడ మీద కూర్చుని రాయించుకున్న మాగ్నా కార్టా ఉంది. అందులోని రక్షణ స్వేచ్ఛగల మనుషులకే గానీ, భూమికి కట్టుబడి వెట్టి చేసే రైతులకు చాలా మట్టుకు లేదు. 1689 హక్కుల చట్టం, ప్రభువుల సభ కోరలు పీకిన 1911 చట్టం, ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా ఓటిచ్చిన 1928 చట్టం, 1998 మానవ హక్కుల చట్టం, ఇవన్నీ రాతలోనే ఉన్నాయి. అయితే వీటిలో దేన్నైనా పార్లమెంటు మామూలు మెజారిటీతో మార్చొచ్చు. పార్లమెంటు చేసిన చట్టాన్ని కొట్టేసే అధికారం అక్కడి కోర్టులకు లేదు.

రెండోది జడ్జీల తీర్పులు. దీన్నే కామన్ లా అంటారు. 1762లో రాజు మంత్రి మనుషులు ఎంటిక్ అనే రచయిత ఇంట్లో జొరబడి, పెట్టెలు పగలగొట్టి కాగితాలు ఎత్తుకుపోయారు. ఎప్పట్నుంచో ఇట్లాగే చేస్తున్నామని వాదించారు. 1765లో కోర్టు ఒప్పుకోలేదు. అట్లాంటి అధికారం మీకు ఏ చట్టంలో ఉందో చూపించండి అంది. చూపించలేకపోయారు, ఓడిపోయారు. ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. చివర్లో మనకు దీంతో పనుంది.

మూడోది రాజు విశేషాధికారం. యుద్ధం ప్రకటించడం, ఒప్పందాలు చేసుకోవడం ఇందులోవి. పేరుకు రాజువి, వాడేది మంత్రులు. 2019లో ప్రధాని సలహాతో ఈ అధికారం వాడి పార్లమెంటును అయిదు వారాలు మూయించారు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు 11 మంది జడ్జీలూ ఒక్కమాటగా అది చెల్లదన్నారు.

నాలుగోది సంప్రదాయాలు. పార్లమెంటు పాస్ చేసిన బిల్లుకు రాజు సంతకం నిరాకరించకూడదు. 1708 తర్వాత ఎవరూ నిరాకరించలేదు. కానీ ఈ నియమం ఏ చట్టంలోనూ లేదు, తప్పితే ఏ కోర్టూ శిక్షించదు. అయిదోది పండితుల పుస్తకాలు. 1844లో మే రాసింది, 1885లో డైసీ రాసింది ఇవాళ్టికీ ఆధారంగా చూపిస్తారు.

ప్రతిదాన్నీ మనం మూడు ప్రశ్నలు అడగాలి. ఎవరు చేశారు? ఎవరు మార్చగలరు? తప్పితే ఎవరు అడుగుతారు? చట్టం దగ్గర జవాబు దొరుకుతుంది. సంప్రదాయం దగ్గర దొరకదు. పెద్దమనుషులు పెద్దమనుషులుగా ఉన్నంతకాలమే అది నడుస్తుంది.

ఈ తేడా అక్కడి మనవాళ్లకు బాగా తెలిసొచ్చింది. ఓడెక్కినా విమానమెక్కినా కులం వెంటే పోతుంది. బ్రిటన్ 2010 సమానత్వ చట్టంలో కులాన్ని జాతి వివక్ష కింద చేర్చే అధికారం మంత్రికి ఇచ్చారు. చేర్చ'వచ్చు' అని రాశారు. దళిత సంఘాలు కొట్లాడాయి. 2013లో ఆ మాట చేర్చి 'తీరాలి' అని మారింది. అయినా చేర్చలేదు. 2014 డిసెంబరులో, భారతదేశం నుంచి తీసుకెళ్లిన ఒక ఇంటిపని మనిషి కేసులో, కొన్ని సందర్భాల్లో కులం కూడా 'జాతి మూలాలు' కిందికి రావచ్చని అప్పీలు ట్రిబ్యునల్ చెప్పింది. ఇంకేం, తీర్పు ఉంది కదా, చట్టం అక్కర్లేదని ప్రభుత్వం 2018 జూలైలో ప్రకటించింది. అంటే ఏంటి? దెబ్బ తిన్న ప్రతి మనిషీ మళ్లీ కోర్టుకెక్కి, నా కులం ఆ మాట కిందికి వస్తుందని నిరూపించుకోవాలి. చట్టంలో ఒక్క మాట ఉంటే తప్పే భారం అది.

బాబాసాహెబ్‌కు ఇది లండన్‌లో బారిస్టరీ చదువుతోనే కాదు, మహద్‌లోనూ తెలిసింది. చౌదార్ చెరువును అందరికీ తెరుస్తూ 1924లో మునిసిపాలిటీ తీర్మానం చేసింది. అయినా 1927 మార్చి 20న ఆయన వేలమందితో పోయి నీళ్లు ముట్టాల్సొచ్చింది. సవర్ణులు కోర్టుకు పోయి ఏమన్నారు? అనాదిగా ఇది మా ఆచారం అన్నారు. అనాదిగా ఉందని నిరూపించమంటే నిరూపించలేకపోయారు. 1937లో బొంబాయి హైకోర్టులో అంబేడ్కరే గెలిచాడు. గుక్కెడు నీళ్లకు పదేళ్ల వ్యాజ్యం!

అందుకే పార్లమెంటరీ పద్ధతిని బ్రిటన్ నుంచి తీసుకున్నా, దాన్ని రాతలో పెట్టించాడు. పాలనా వివరాలు కూడా రాజ్యాంగంలో ఎందుకని అడిగితే, 1948 నవంబరు 4న సభలోనే జవాబిచ్చాడు. రాజ్యాంగ నీతి మనవాళ్లకు ఇంకా అలవడలేదు, దాన్ని నేర్చుకోవాలి, అందాకా అన్నీ శాసనసభలకు వదిలెయ్యడం మంచిది కాదన్నాడు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. రాయని రాజ్యాంగం కోసం ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. అది మన ఊళ్లోనే ఉంది. హోటల్లో రెండు గ్లాసులు పెట్టాలని, రచ్చబండ మీద మనం కూచోకూడదని, చావుకు డప్పు మాదిగోడే కొట్టాలని ఎవరు రాశారు? ఎక్కడ రాశారు? ఎక్కడా లేదు. కానీ తప్పితే శిక్ష మాత్రం ఉంది, వెలి ఉంది, చావు ఉంది.

ఈ రాయని దాని మీదికే 13వ అధికరణం వచ్చింది. ప్రాథమిక హక్కులకు అడ్డమొచ్చే చట్టం చెల్లదంది. చట్టమంటే అందులోకి ఆచారమూ వస్తుందని విడమరిచి చెప్పింది. 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దుచేసింది.

రాతే చాలని నేననను. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. రాత మనల్ని దానంతట అది కాపాడదు. కానీ రాత ఉంది గనక కేసు పెట్టగలిగాం, ప్రత్యేక కోర్టు అడగగలిగాం.

కాబట్టి రేపు మీ ఊళ్లో ఎవరన్నా "ఇది మా కట్టుబాటు" అంటే తల వంచొద్దు. ఎంటిక్ కేసులో జడ్జీలు అడిగిందే అడగండి. ఎక్కడ రాసి ఉందో చూపించండి అనండి. వాళ్లు చూపించలేరు. మీరు మాత్రం చూపించగలగాలి. అందుకే ఆ పుస్తకం నెత్తిన పెట్టుకోవడానికి కాదు, విప్పి చదవడానికి. వచ్చే తరగతికి ప్రతి ఒక్కరూ 13, 17 అధికరణాలు నోట్సులో రాసుకుని రండి.

జై భీమ్.