పరిశోధకులూ డాక్టర్లే
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఓడలెక్కి ఈ మలేసియా తోటలకు వచ్చిన మన తాతముత్తాతలు భాషను, పండుగలను, ఇంటిపేర్లను వెంట తెచ్చారు. తమకు తెలియకుండానే జన్యువులనూ మనకు అప్పగించారు.

తమలో తామే వియ్యమందుకునే సమాజాలలో కొన్ని అరుదైన జన్యులోపాలు తరతరాలుగా నిలిచిపోతాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి 2017లో ప్రచురించిన పరిశోధన ఇందుకు నిదర్శనం. ఆంధ్ర వైశ్యులలో ఒక ఎంజైము లోపం ఇతర సమాజాలలో కంటె సుమారు 100 రెట్లు ఎక్కువని అందులో పేర్కొన్నారు. నిత్యజీవితంలో దానివల్ల బాధేమీ లేదు. కాని ఆపరేషను సమయంలో కండరాలు సడలడానికిచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం నిమిషాలలో తగ్గవలసింది, వీరిలో గంటల తరబడి తగ్గదు. అంతసేపూ యంత్రంతో ఊపిరి అందించాలి. సంగతి ముందే తెలిస్తే డాక్టరు వేరే మందు వాడతారు, ప్రాణభయం తప్పుతుంది.

ఆ సంగతి కనిపెట్టేది పరిశోధకులే. పిల్లలు డాక్టర్లు కావాలని మనందరికీ ఆశ. కణశాస్త్రంలో పిహెచ్.డి. చేసినవారూ డాక్టర్లే కదా! భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1930లో హార్వర్డులో పిహెచ్.డి. పట్టమే పొందారు. నేడు కౌలాలంపూరులోనే యు.కె.ఎం. వారి అణుజీవశాస్త్ర సంస్థ ఉంది, హైదరాబాదులో సి.సి.ఎం.బి., సి.డి.ఎఫ్.డి. ఉన్నాయి. చదువు కొన్నేళ్లు పడుతుంది. ప్రవేశ నియమాలు, భృతి వివరాలు ముందుగా విచారించుకోవాలి.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. ఇంట్లో పెద్దల జబ్బుల వివరాలు రాసి ఉంచండి. మీ అమ్మాయో అబ్బాయో పరిశోధన చేస్తానంటే కాదనకండి. రేపు వారు కనిపెట్టేది మన మనుమల ప్రాణాలు కాపాడవచ్చు.