రెండు మాటలూ ఒప్పే, ఉత్తరమే తప్పు
(శాఖల సిబ్బంది శిక్షణ కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంగ్లీషు స్పెల్లింగుల గురించి మాట్లాడుతున్నానంటే, ‘తప్పులు దిద్దడానికి కంప్యూటరు ఉంది కదా’ అని మీకు అనిపించవచ్చు. అది ఎర్రగీత గీసేది నిఘంటువులో లేని మాట కింద. ఒక మాట బదులు ఇంకో మంచి మాట పడితే చాలాసార్లు ఊరుకుంటుంది. మన ఉత్తరాల్లో చిక్కు తెచ్చేవి అలాంటి జంట మాటలే.

చనిపోయిన ఖాతాదారు సొమ్ము కోసం నామినీ దరఖాస్తు పెట్టుకుంటారు. మన జవాబులో ‘డిసీస్డ్’ అని ఉండాలి. అందులో రెండో అక్షరం ‘ఇ’, మూడోది ‘సి’. వాటి చోట ‘ఐ’, ‘ఎస్’ పడితే అది ‘డిసీజ్డ్’ అవుతుంది, అంటే జబ్బుపడినవారు. భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికి ఆయన పేరు పక్కన ఆ మాట కనిపిస్తే, బ్యాంకు చదవకుండానే సంతకం పెట్టిందని అర్థమైపోతుంది.

సందేహం వచ్చినప్పుడు నేను ఆ వాక్యాన్ని ఒకసారి మనసులో తెలుగులో చెప్పుకుంటాను. ఇంగ్లీషులో కవలల్లా ఉండే మాటలకు తెలుగులో పోలికే ఉండదు.

‘ప్రిన్సిపల్’ చూడండి. పలికితే రెండూ ఒకటే. వడ్డీతో పాటు కట్టేది అసలు. ‘అసలు’లో ‘అ’, ‘ల’ ఉన్నాయి. ఆ ఇంగ్లీషు మాట చివర కూడా ‘ఎ’, ‘ఎల్’ ఉంటాయి. 1872 కాంట్రాక్టు చట్టం 126వ సెక్షనులో హామీదారు ఎవరి కోసం పూచీ పడతారో ఆ ‘ప్రిన్సిపల్ డెటర్’ కూడా అసలు రుణగ్రహీతే. ‘ఎల్’, ‘ఇ’లతో ముగిసేది సూత్రం, నియమం.

‘పర్సనల్’ అంటే వ్యక్తిగతం, ‘పర్సనెల్’ అంటే సిబ్బంది. ‘సిబ్బంది’లో ‘బ’కు ఒత్తు ఉంది. ‘పర్సనెల్’లోనూ ‘ఎన్’ రెండుసార్లు వస్తుంది.

ఇక తనఖా పత్రం. 1882 ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షను ప్రకారం ‘మార్ట్‌గేజర్’ తనఖా పెట్టినవారు, ‘మార్ట్‌గేజీ’ తనఖా పుచ్చుకున్నవారు, అంటే మన బ్యాంకు. ఈ రెండూ తారుమారైతే ఆస్తి ఎవరిదో, దాని మీద హక్కు ఎవరికుందో కాగితం మీద తలకిందులవుతుంది. చెక్కు సొమ్ము పుచ్చుకునేవారు ‘పేయీ’. కాబట్టి చివర ‘ఈ’ వినబడితే పుచ్చుకునేవారని గుర్తు పెట్టుకోవచ్చు. కానీ ‘డ్రాయీ’ ఈ గుర్తుకు లొంగదు. 1881 నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం సొమ్ము చెల్లించమని ఎవరిని ఆదేశిస్తామో వారే ‘డ్రాయీ’. చెక్కు విషయంలో అది బ్యాంకే. అంటే గుర్తులు సాయానికి మాత్రమే. చివరికి చూసుకోవలసింది అర్థాన్నే.

‘అడ్వైస్’లో ‘సి’ ఉంటే సలహా, లేదా మనం పంపే సమాచార పత్రం. ‘ఎస్’ ఉంటే సలహా ఇవ్వడం, తెలియజేయడం. ‘దీన్ని పంపాము’ అనగలిగితే ‘సి’ రాయండి.

ఇదంతా పట్టింపు అనుకోకండి. మన ఉత్తరం అందుకున్న ఖాతాదారుల్లో ఎందరో దాన్ని కొడుకు చేతనో, పక్కింటి కుర్రాడి చేతనో చదివించుకుని తెలుగులో అర్థం చెప్పించుకుంటారు. ఆ కుర్రాడు చెప్పే తెలుగూ, సంతకం పెట్టేముందు మనం మనసులో అనుకున్న తెలుగూ ఒకటే కావాలి. అందుకు పట్టేది అర నిమిషం. ఈరోజు మీ బల్ల మీదున్న మొదటి ఉత్తరంతోనే మొదలుపెట్టండి.